కెన్యా మిషన్ ట్రిప్: తిండి సంగతి తర్వాత, ముందు టీకా

వందనాలు బ్రదర్. చిత్తూరు నుంచి చర్చి టీమ్‌తో మూడు వారాల సేవకు కెన్యా వెళ్తున్నారు, తిండి పడుతుందో లేదోనని టెన్షన్ అన్నారు. సంగటి తిని పెరిగినోళ్లం, మనకెందుకు భయం? అక్కడి ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో కెలికిన ముద్దే. పక్కన సుకుమా వికీ అనే ఆకుకూర పెడతారు. కారం మాత్రం తక్కువ, కాబట్టి చెనిక్కాయల పొడి ఒక డబ్బా పెట్టుకోండి. చాయ్, చపాతీ అంటే అక్కడ కూడా అవే.

మీరు అడగనిది ఒకటుంది, అసలు తలనొప్పి అదే: యెల్లో ఫీవర్ (దోమ కాటుతో వచ్చే జ్వరం) టీకా. వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచొచ్చు. మా టీమ్‌లో ఒకాయన చివరి వారం దాకా నాన్చి, టికెట్ మార్చుకోవాల్సి వచ్చింది. ఈ టీకా వేసే చోట్లలో ఒకటి చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని, పాస్‌పోర్టుతో బస్సెక్కండి. ఒక్కసారి వేసుకుంటే ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది.

అన్నట్టు, జులైలో అయితే స్వెటర్ మరవొద్దు. ఆఫ్రికా అంటే ఎండే అనుకుని వెళ్లి, నైరోబీలో నేను వణికాను.