శశిరేఖకు ఏ రంగు చీర?

ప్రశ్న: ‘మాయాబజార్’ శశిరేఖగా సావిత్రి గారి బొమ్మ ట్యాబ్‌లో వేస్తున్నానండీ. స్టిల్ చూస్తూ ముందు నలుపు తెలుపుల్లో షేడింగ్ చేసుకుని, దాని మీద రంగు లేయర్ వేశాను. పోలిక కుదిరింది కానీ ముఖం బూడిద పూసినట్టుంది. చీరకు ఏ రంగు వేయాలో కూడా తేలడం లేదు. – ఓ పాఠకురాలు, మధురవాడ

జవాబు: లోపం మీరు వేసిన రంగులో లేదు, దాని కింది షేడింగ్‌లో ఉంది. నీడలోకి వెళ్లేకొద్దీ చర్మం ఎరుపు, గోధుమ వన్నెలకు తిరుగుతుంది. కింద ఒట్టి బూడిద ఉంటే పైన ఏం పూసినా మాసినట్టే కనిపిస్తుంది. షేడింగ్ చెరపక్కర్లేదు, దానికి గ్రేడియంట్ మ్యాప్ (బూడిద ఛాయలను వెలుగునీడల వరసలో మీరిచ్చిన రంగులుగా మార్చే ఫిల్టర్) పెట్టండి. బొమ్మలు వేసే యాప్‌లు క్రిటా, ప్రొక్రియేట్, ఫొటోషాప్ మూడింటిలోనూ ఉంటుంది. చీకటి కొసకు ముదురు మెరూన్, మధ్యలో ఇటుక రంగు, వెలుగు కొసకు లేత గోధుమ ఇవ్వండి. తర్వాత బుగ్గలకు, ముక్కు కొనకు, చెవి తమ్మెలకు 15 శాతం ఒపాసిటీతో, అంటే బాగా పలచగా, ఎరుపు అద్దండి. గడ్డం కింద చీర రంగు లీలగా పడాలి. అది లేకపోతే తల వేరు, ఒళ్లు వేరు అన్నట్టుంటుంది.

ఇక చీర. 1957 నాటి ఆ నలుపు తెలుపు సినిమా అసలు రంగేదో చెప్పదు. ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిదగా పడగలవు. 2010లో రంగులద్దిన ప్రతి వచ్చింది కానీ, అందులోవి ఆ పనిచేసిన వాళ్లు ఎంచుకున్న రంగులు. మీ రంగు మీరే ఎంచుకోండి, వెలుగునీడలు మాత్రం స్టిల్‌లో ఉన్నట్టే ఉంచండి. మార్కస్ బార్ట్‌లే కెమెరా గొప్పతనమంతా వాటిలోనే ఉంది. పడవ పాటలో వెన్నెల చూడండి, ఒక్క రంగూ లేకుండానే ఎంత చల్లగా ఉంటుందో! బొమ్మకు అన్నిటికన్నా పైన నలుపు నింపిన లేయర్ పెట్టి, దాని మోడ్‌ను ‘కలర్’కు మార్చండి. బొమ్మంతా నలుపు తెలుపులోకి వస్తుంది, స్టిల్ పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. స్టిల్‌లో లేత బూడిదగా ఉన్న చీరకు ముదురు మెరూన్ వేస్తే తేడా అక్కడే దొరికిపోతుంది.

ప్రశ్న: జుట్టు విగ్గులా, నగలు పసుపు ముద్దల్లా వస్తున్నాయి. – సీతమ్మధార

జవాబు: వెంట్రుకలు ఒక్కొక్కటిగా గీయడం మానండి. మొత్తం జుట్టును ఒకే ముదురు ఆకారంగా నింపి, నాలుగైదు పెద్ద పాయలు విడదీసి, చివర్లో పది పన్నెండు ముంగురులు చాలు. విగ్గులా కనిపించేది నుదుటి అంచు గట్టిగా ఉన్నందుకే. అక్కడ చర్మం రంగునూ జుట్టు రంగునూ కలిపి, మెత్తటి బ్రష్‌తో అంచు కరిగించండి.

బంగారానికి ముప్పావు వంతు ముదురు గోధుమే. పాపిడి బిళ్లనే తీసుకోండి: ముందు గోధుమ రంగు, వెలుగు వైపు మాత్రం పసుపు మట్టి రంగు, దాని మీద గట్టి అంచుతో ఒకే ఒక్క లేత పసుపు చుక్క. ఆ చుక్కను బ్లర్ చేస్తే లోహం కాస్తా మైనమైపోతుంది. మల్లెలకు అచ్చ తెలుపు వెలుగు తగిలే రెండు మూడు పూలకే, మిగతావి నీలం కలిసిన బూడిదలో ఉండనివ్వండి.

ప్రశ్న: 12×18 అంగుళాల ప్రింటు వేయిస్తే బొమ్మ చీకటిగా, మసకగా వచ్చింది, పక్కలు కూడా తెగాయి. కాన్వాస్ 1080×1350. – గాజువాక

జవాబు: 1350 పిక్సెళ్లను 18 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 75 పడతాయి. కావాల్సింది 300. అంటే మొదటి గీతకు ముందే కాన్వాస్ 3600×5400 పెట్టుకోవాలి. పక్కలు తెగింది మీ కొలత 4:5, కాగితం 2:3 కాబట్టి. చీకటికి కారణం ట్యాబ్ వెలుగు పూర్తిగా పెంచుకుని వేయడం. సగానికి తగ్గించి వేయండి. ఫైల్ ఎస్ఆర్‌జీబీలో (తెరలకు వాడే మామూలు రంగుల ప్రమాణం) ఇచ్చి, కరెక్షన్ చేయొద్దని ల్యాబ్‌లో చెప్పండి. పెద్దది వేయించే ముందు ఉన్నదున్నట్టు ఒకటి, 10 శాతం, 20 శాతం వెలుగు పెంచి మరో రెండు 4×6 ప్రింట్లు తీయించి చూసుకోండి.

ఫ్రేమ్ కట్టించేటప్పుడు అద్దానికీ ప్రింటుకీ మధ్య మౌంట్ బోర్డు (బొమ్మ కనిపించేలా మధ్యలో కత్తిరించిన మందపాటి అట్ట) తప్పనిసరి. మన విశాఖ ఉక్కకు, అద్దానికి ఆనుకున్న ప్రింటు అతుక్కుపోతుంది. తీయబోతే ముందు ఊడి వచ్చేది రంగే. చెమ్మ పట్టే గోడైతే ఫ్రేమ్ వెనక నాలుగు మూలలా చిన్న కార్కు ముక్కలు అంటించండి, గాలి ఆడుతుంది.