డాక్టర్ సలహా: గోల్ఫ్ క్లబ్‌ను ఎంత బలంగా ఊపాలి? నా నడుము నొప్పికి అదే కారణమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నాకు 46 ఏళ్లు, బరువు 78 కిలోలు. కొండాపూర్‌లో ఉంటాను, సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్‌ని. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. ఎనిమిది నెలల క్రితం గోల్ఫ్ మొదలుపెట్టాను. శని, ఆదివారాల్లో డ్రైవింగ్ రేంజ్‌కి (బంతులు కొట్టి సాధన చేసే చోటు) వెళ్లి ఒక్కోసారి 150 బంతుల దాకా కొడతాను. కోచ్ ‘80 శాతం బలంతోనే ఊపండి’ అంటారు. స్నేహితులేమో ‘గట్టిగా కొట్టకపోతే బంతి ఎలా పోతుంది?’ అంటారు. గట్టిగా కొట్టినప్పుడు ఎప్పుడో ఒకటి బ్రహ్మాండంగా పోతుంది, మిగతావన్నీ కుడివైపు పక్కవాళ్ల లేన్‌లోకి తిరుగుతాయి. రెండు నెలలుగా నడుము కుడివైపు నొప్పి. సోమవారం పొద్దున వంగి బూటు లేసు కట్టుకోవాలన్నా కష్టంగా ఉంది. ఎడమ మోచేయి బయటివైపు కూడా నొక్కితే జివ్వుమంటోంది. ఎమ్మారై తీయించుకోవాలా? ఆట మానేయాలా? అసలు ఎంత బలంతో ఊపాలి?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా రెండింటికీ జవాబు అందులోనే ఉంది. బంతి కొట్టాక, అది నేల మీద పడేదాకా ఎడమ కాలి మీద తూలకుండా నిలబడగలగాలి. అలా నిలబడగలిగినంత బలమే మీ బలం. అంతకంటే ఎక్కువ పెట్టిందంతా మీ నడుము మీద, మోచేయి మీద పడుతుంది. మీ కోచ్ చెప్పింది సరైన మాట. ఆట మానేయక్కర్లేదు.

‘గట్టిగా కొట్టకపోతే బంతి ఎలా పోతుంది’ అనే మాట నేను చాలామంది దగ్గర విన్నాను. ఒక్క విషయం ఆలోచించండి. క్లబ్ (గోల్ఫ్ కర్ర) బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు 2000వ వంతు మాత్రమే. ‘తగిలింది’ అని మీ చేతికి తెలిసేసరికి బంతి వెళ్లిపోయి ఉంటుంది. అంటే ఆ క్షణంలో పళ్లు బిగించి ఎంత తోసినా బంతికి ఏమీ అందదు. అప్పటికే క్లబ్ తలకు ఎంత వేగం ఉంది, బంతి దాని నడిమధ్యన తగిలిందా, క్లబ్ ముఖం ఎటు చూస్తోంది అన్నవే పని చేస్తాయి.

నా దగ్గరికి వచ్చే గోల్ఫర్లతో ఒక చిన్న పరీక్ష చేయిస్తాను. మీరు ఇంట్లో మేడ మీద చేసుకోవచ్చు. డ్రైవర్‌ను (దూరం కొట్టే పొడవాటి క్లబ్) తలకిందులుగా తిప్పి, తల ఉన్న వైపు కడ్డీని పట్టుకుని గాలిలో ఊపండి. ‘సుయ్’ మని చప్పుడు వస్తుంది. అది ఎక్కడ వస్తోందో వినండి. బలమంతా కూడదీసుకుని ఊపినప్పుడు ఆ చప్పుడు కుడి భుజం దగ్గరే వచ్చేస్తుంది, బంతి ఉండాల్సిన చోటికి వచ్చేసరికి సద్దుమణిగిపోతుంది. ఇప్పుడు భుజాలు వదులు చేసి, ముందు తుంటి తిరగనిచ్చి, చేతులు వాటంతట అవి వచ్చేలా ఊపండి. చప్పుడు ఆలస్యంగా, ఎడమ కాలి ముందు, ఇంకా గట్టిగా వస్తుంది. ఇది విన్న క్షణంలో చాలామంది ముఖం మారిపోవడం చూశాను. తక్కువ కష్టపడితే ఎక్కువ చప్పుడు రావడం వాళ్లకు నమ్మబుద్ధి కాదు. రెండు మూడు సార్లు మళ్లీ ఊపి చూసుకుంటారు.

కారణం కండరాల్లో ఉంది. ఒక కీలును ముందుకు కదిపే కండరం ఉంటుంది, దాన్ని వెనక్కి పట్టే కండరం ఉంటుంది. మనం బిగుసుకుపోయినప్పుడు రెండూ ఒకేసారి బిగుస్తాయి. బ్రేక్ మీద కాలు పెట్టి యాక్సిలరేటర్ తొక్కినట్టే. ముంజేతులు బిగిస్తే మణికట్టు విచ్చుకోదు, క్లబ్ తలకు చివరి వేగాన్ని ఇచ్చేది ఆ మణికట్టే. చిన్నప్పుడు చిర్రగోనె ఆడే ఉంటారు, కోస్తా వాళ్లయితే బిళ్ళంగోడు అంటారు. గాలిలోకి లేచిన బిళ్ళను దూరం కొట్టేది బండగా బాదేవాడు కాదు కదా! కట్టెలు కొట్టేవాళ్లను చూడండి, గొడ్డలి ఎత్తేదాకానే వాళ్ల శ్రమ, దిగేటప్పుడు గొడ్డలి బరువే పని చేస్తుంది.

ఇక లెక్క. క్లబ్ వేగానికి, బంతి వేగానికి ఒక నిష్పత్తి ఉంటుంది. డ్రైవర్ నడిమధ్యన చక్కగా తగిలితే అది 1.48 దాకా వస్తుంది, అంచుకు తగిలితే 1.36కో ఇంకా కిందికో పడిపోతుంది. మీరు గంటకు 150 కిలోమీటర్ల వేగంతో ఊపి మధ్యలో తగిలించారనుకోండి, బంతి 222 వేగంతో వెళ్తుంది. ఒళ్లు విరుచుకుని 160కి పెంచి అంచుకు తగిలించారు, 218 దాటదు. పైగా పక్కకు తిరుగుతుంది. అమెరికాలో ఎల్‌పీజీఏ టూర్ (మహిళా ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలు) ఆడే మహిళల సగటు స్వింగ్ వేగం, క్లబ్బుల్లో సరదాకి ఆడే మగవాళ్ల సగటు వేగం దాదాపు ఒకటే, 150 దగ్గర. కానీ బంతి ఎక్కువ దూరం, తిన్నగా పోయేది ఆ మహిళలదే. యూట్యూబ్‌లో పీజీఏ టూర్ మగ ఆటగాళ్లను (వాళ్ల సగటు 180 పైమాటే) చూసి అనుకరించే బదులు, మనలాంటి వాళ్లం ఎల్‌పీజీఏ ఆట చూడటం మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు మీ నడుము సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

నడుము భాగంలోని ఐదు పూసలూ కలిసినా పక్కకు తిరగగలిగేది 10 నుంచి 15 డిగ్రీలే. వంగడానికి, లేవడానికి బాగా పనికొస్తాయి గానీ మెలితిరగడానికి వాటి నిర్మాణం అనుకూలం కాదు. బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ను వెనక్కి ఎత్తేటప్పుడు, భుజాలు సుమారు 90 డిగ్రీలు తిరగాలి. ఆ తిరుగుడంతా రావాల్సింది తుంటి కీళ్ల నుంచి, ఛాతీ వెనక ఉండే పై వీపు నుంచి. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చునే మనిషికి సరిగ్గా ఆ రెండే బిగుసుకుపోయి ఉంటాయి. శనివారం పొద్దున ఒక్కసారిగా తిరగమంటే అవి తిరగవు, వాటి వంతు కూడా నడుమే మోస్తుంది. దాని పైన మీరు బలం పెడుతున్నారు.

పూర్తి స్వింగ్‌లో నడుము డిస్కుల మీద పడే ఒత్తిడిని పరిశోధకులు కొలిచారు. అది శరీర బరువుకు 8 రెట్ల దాకా ఉంటుంది. మీ 78 కిలోలకు లెక్క వేసుకుంటే ఆరు క్వింటాళ్ల పైనే. 150 బంతులంటే 150 సార్లు. ఇంకో సంగతి, పక్కకు కోసే ఒత్తిడి, మెలిపెట్టే ఒత్తిడి ప్రొఫెషనల్స్ కంటే మామూలు ఆటగాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. వేగం వాళ్లది ఎక్కువ, దెబ్బ మనది ఎక్కువ.

నొప్పి కుడివైపే ఎందుకంటే, కుడిచేతి వాటం వాళ్లకు బంతి తాకే క్షణంలో నడుము కుడికి ఒరుగుతూ, అదే సమయంలో ఎడమకు తిరుగుతుంది. కుడివైపు పూసల వెనక ఉండే చిన్న కీళ్లు, డిస్కు అంచు ఆ క్షణంలో నలుగుతాయి. పైనుంచి భుజాలతో ముందు తోసేస్తే ఈ ఒరుగుడు ఇంకా పెరుగుతుంది. అలా తోసినప్పుడే క్లబ్ బయటి నుంచి లోపలికి అడ్డంగా వచ్చి బంతి కుడివైపు తిరుగుతుంది. పక్క లేన్‌లోకి పోయే బంతి, సోమవారం నాటి నడుము నొప్పి ఒకే తప్పుకు రెండు ఫలితాలన్నమాట.

80 శాతం అన్న అంకెను మాత్రం గుడ్డిగా పట్టుకోకండి. మెల్లగా ఊపమంటే కొందరు బంతి దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆపేస్తారు. అప్పుడు క్లబ్ నేలను తవ్వుతుంది, మణికట్టుకు దెబ్బ తగులుతుంది. వేగం తగ్గాల్సింది మొదట్లో, బ్యాక్‌స్వింగ్ పైనుంచి కిందికి మళ్లే చోట. బంతిని దాటేదాకా అది పెరుగుతూనే ఉండాలి. కాళ్లు, పిరుదులు బాగా పని చేయనివ్వండి, వదులుగా ఉండాల్సింది చేతులు, దవడ, భుజాలు.

తెలుగు మూలాలున్న అమెరికా గోల్ఫర్ సాహిత్ తీగల 2023లో పీజీఏ టూర్ టోర్నీ ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాక పిల్లలకు గోల్ఫ్ నేర్పించాలనుకునే మన తల్లిదండ్రులు పెరిగారు, వాళ్లూ ఇదే అడుగుతున్నారు. పిల్లల విషయం వేరు. లేత వయసులో ముందు హుషారుగా ఊపడం నేర్పి, తర్వాత గురి నేర్పే కోచ్‌లు ఉన్నారు, అందులో తప్పు లేదు. మన వయసు డిస్కులకు ఆ పద్ధతి పనికిరాదు. గోల్ఫ్ దిగ్గజం టైగర్ వుడ్స్‌కు నడుముకు మూడు సర్జరీలయ్యాక, 2017 ఏప్రిల్‌లో పూసలను కలిపేసే నాలుగో సర్జరీ చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత 2019లో మాస్టర్స్ గెలిచాడు. అంతటి శరీరానికి, అంతమంది నిపుణులు వెంట ఉన్నా నడుము సమస్య తప్పలేదు.

మీ వేగం ఏదో మీరే కనుక్కోండి. నొప్పి తగ్గాక ఒక రోజు 30 బంతులే తీసుకోండి. పది బంతులు మీ ఓపికంతా పెట్టి, పది సుమారు 80 శాతం అనిపించేలా, పది ఇంకా తగ్గించి కొట్టండి. ప్రతిసారీ ఊపు చివర మనసులో మూడు లెక్కపెట్టేదాకా కదలకుండా నిలబడండి. ఎన్నిసార్లు నిలబడగలిగారు, ఎన్ని బంతులు మీ లేన్‌లోనే పడ్డాయి, ఫోన్‌లో రాసుకోండి. ఏ పదిలో ఈ రెండూ ఎక్కువగా కుదిరాయో అదే ప్రస్తుతానికి మీ వేగం. ఆరు నెలల తర్వాత తుంటి, కాళ్లు బలపడితే అదే సుఖంతో ఇంకొంచెం వేగం వస్తుంది.

స్వింగ్‌లో రెండు మార్పులు కోచ్‌తో మాట్లాడి చేసుకోండి. ఎడమ పాదాన్ని కొంచెం బయటికి తిప్పి నిలబడండి, బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ మడమ కొంచెం లేచినా లేవనివ్వండి. పాత తరం గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ అలాగే ఆడేవాడు. మడమ లేస్తే తుంటి తిరుగుతుంది, నడుము మీద మెలిక తగ్గుతుంది. చివర్లో పొట్ట ముందుకు తోసి విల్లులా వెనక్కి వంగకుండా నిటారుగా నిలబడాలి.

మోచేయి విషయానికొస్తే, ఎడమ మోచేయి బయటివైపు నొప్పి టెన్నిస్ ఎల్బో అనిపిస్తోంది. పేరులో టెన్నిస్ ఉన్నా గోల్ఫ్ ఆడేవాళ్లకు మామూలే. క్లబ్‌ను బిగించి పట్టుకోవడం, కాంక్రీటు మీద పరిచిన గట్టి మ్యాట్ మీద వందల బంతులు కొట్టడం ముఖ్య కారణాలు. గడ్డి మీదైతే తప్పు దెబ్బకు మట్టి లేస్తుంది. మ్యాట్ మీద ఆ దెబ్బంతా మోచేతికే. క్లబ్‌ను ఎంత గట్టిగా పట్టుకోవాలంటే, చిన్నపిల్లను రోడ్డు దాటించేటప్పుడు చెయ్యి పట్టుకుంటాం చూడండి, వదలకుండా, నొప్పి పుట్టకుండా, అంతే. రబ్బరు గ్రిప్‌లు అరిగి జారుతుంటే తెలియకుండానే బిగిస్తాం, అవి మార్పించండి.

ఎమ్మారై ఇప్పుడే వద్దు. నొప్పి కాల్లోకి దిగుతోందని మీరు రాయలేదు. 40 దాటినవాళ్లలో ఏ నొప్పీ లేని వారికి కూడా దాదాపు సగం మందికి స్కాన్‌లో డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. రిపోర్టులో ఆ మాట చదివి టెన్షన్ పడటం తప్ప ఇప్పుడు దానితో ఒరిగేదేమీ లేదు. మూడు నాలుగు వారాలు పూర్తి స్వింగ్ ఆపండి. పట్టింగ్ (బంతిని నేల మీద మెల్లగా గుంతలోకి దొర్లించడం), చిన్న చిప్‌లు (దగ్గరి దూరానికి కొట్టే చిన్న దెబ్బలు) నొప్పి లేకుండా చేయగలిగితే చేయండి. మంచం మీద పడుకోవద్దు, రోజూ నడవండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చెయ్యి, కాలు చాపడం, పక్కకు పడుకుని పై చేతిని పుస్తకం తెరిచినట్టు వెనక్కి తిప్పడం, ఈ మూడూ ఒక ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని రోజుకు పావుగంట చేయండి. మోచేతికి, అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని మణికట్టును పైకి లేపి చాలా నెమ్మదిగా దించడం.

నొప్పి మాత్ర వేసుకుని రేంజ్‌కి వెళ్లే అలవాటుంటే ఈరోజే మానండి. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి బీపీని పెంచుతాయి, కొన్ని బీపీ మాత్రలతో కలిస్తే కిడ్నీలకు ప్రమాదం. మీ డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు. ఊపేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, బీపీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. ఊపిరి వదులుతూ కొట్టండి.

కాల్లోకి తిమ్మిరి పాకినా, పాదం పైకి లేవకపోయినా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం కూడా వెంటనే చూపించాల్సినవే. ఆడేటప్పుడు ఛాతీ పట్టేసినట్టుండి చెమటలు పోస్తే ‘కండరం పట్టిందిలే’ అనుకోవద్దు. మీ వయసుకు, మీ బీపీకి అది ముందు గుండె నొప్పి కిందే లెక్క, అక్కడి నుంచే అంబులెన్స్ పిలవండి.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకుని, వెడ్జ్‌తో (దగ్గరి దూరాలకు వాడే పొట్టి క్లబ్) సగం స్వింగ్‌లు కొట్టి, డ్రైవర్ ఆఖరున తీయండి. మొత్తం 50 బంతులు దాటొద్దు, ప్రతి పదింటికీ కాసేపు కూర్చోండి. ఆరు వారాలకూ నొప్పి తగ్గకపోతే మీ దగ్గర్లోని స్పోర్ట్స్ మెడిసిన్ లేదా ఆర్థోపెడిక్ డాక్టర్‌ను కలవండి. వెళ్లేటప్పుడు ఫోన్‌లో మీ స్వింగ్ వీడియోలు రెండు తీసుకెళ్లండి, ఒకటి ఎదురుగా నిలబడి తీసింది, ఇంకొకటి వెనక నుంచి తీసింది.