దొంగకు చీకటి దొరకని ఊరు

అమ్మాయ్,

నీ కోనసీమ క్రైమ్ కామిక్ మొదటి భాగం చదివాను. కొబ్బరితోటలు, పంటు మీద సైకిళ్లు, డిటెక్టివ్ నవలలు అద్దెకిచ్చే కొట్టు, అన్నీ ముచ్చటగా గీశావు. తీరా శవం దొరికేసరికి ఊరు పక్కకు తప్పుకుంది. ఆ హత్య విజయవాడ లాడ్జిలో జరిగినా నీ కథలో ఒక్క ప్యానెల్ మారదు. నాకు అక్కడే పేచీ.

‘ఆ రోజుల్లో’ అని సరిపెట్టకు, ఏడాది తేల్చుకో. నన్నడిగితే 1995. ఆ జనవరి 8న కోనసీమలోనే, పాశర్లపూడిలో గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి, అంటే గ్యాస్ అదుపు తప్పి ఎగదన్ని, 60 రోజులకు పైగా మండింది. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. వారం తిరక్కుండా భోగి! (ఆ ఏడు భోగిమంట ముఖం ఎవరు చూసుంటారులే.) తాళాలేసిన ఇళ్లు, మాట వినపడనివ్వని హోరు, అర్ధరాత్రి కూడా వెలుగు. హంతకుడు ఎక్కడ దాక్కుంటాడు? నలుపు తెలుపుల్లో గీస్తున్నావు గనక నీడలన్నీ బావికి ఎదురుదిక్కుకే పడాలి. ఒక సాక్షి చెప్పే కథలో మాత్రం నీడ బావి వైపుకు తిప్పి గీయి. వాడు అబద్ధమాడుతున్నాడని ఎవరిచేతా అనిపించకు, చదివేవాళ్లు పట్టుకుంటారు. బుడగల్లో మాటలూ తగ్గించు. హోరులో జనం సైగలతోనే నెట్టుకొస్తారు, ఒక సైగను ఇద్దరు రెండు రకాలుగా చూడొచ్చు.

మంట మార్చిలో ఆరింది. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, అడుగున మోపెడ్ అప్పుడు తేలనీ. అంతదాకా నీ ఎస్సై ఎంత తిరిగినా లాభం లేదు. పారిపోయేవాణ్ణి యానాం పంపాలనుకుంటే గుర్తుంచుకో, ఎదుర్లంక వంతెన అప్పటికి లేదు. రేవు దాటాలి, దాటితే యానాం పాండిచ్చేరి కిందిది గనక అక్కడి పోలీసులు.

ఇంకోటి. నీ కథంతా మునసబుగారి మనవడి జ్ఞాపకాలే. అదే తోటలో కొబ్బరికాయల దింపులు తీసేవాడికి ఆ రోజులంటే కూలి దగ్గర పడ్డ గొడవ గుర్తొస్తుందేమో. అతనికి నాలుగు పేజీలివ్వు. చెట్టెక్కితే నాలుగు దొడ్లూ కనబడతాయి, అయినా ఎస్సై అతన్ని అడగనే అడగడు.

మాటల్లో గోదారి యాస ‘ఆయ్’లు సగం కొట్టేయ్.

రెండో భాగం మొదలెట్టేముందు ఊరి పటం ఒకటి గీసి పంపు. బావి, కాలువ, లాకులు, రేవు, శవం దొరికిన చోటు అందులో ఉండాలి. అట్ట బొమ్మ సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు