ముందు నీ మెషీన్‌నే అడుగు

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "టెర్మినల్ తెరిస్తేనే టెన్షన్, ఇన్ని కమాండ్లు ఎప్పటికి బట్టీ పట్టను" అన్నావు. ఎవరూ పట్టరమ్మా. ఇన్నేళ్లు సర్వర్లతో కాపురం చేసిన నేనే టార్ (ఫైళ్లను ఒకే మూటగా కట్టే కమాండు) ఆప్షన్లు ఇప్పటికీ చూసుకుని కొడతాను. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

హుద్‌హుద్ తుఫాను నీకు లీలగా గుర్తుండాలి. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, నెట్ మాట అడక్కు. మా ఆఫీసులో జనరేటర్ కాసేపు ఆడించి, ఆ కాసేపట్లోనే డేటా అంతా బయటి డిస్కులోకి ఎక్కించాలి. ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ అనే కమాండు వాడాలి. అంతకుముందు ఎప్పుడూ గూగుల్‌లో చూసి అతికించడమే కదా, చేతులు ఆడలేదు. 'మ్యాన్ ఆర్‌సింక్' అని కొట్టాను, 'మ్యాన్' అంటే ఏ కమాండుకైనా మాన్యువల్ చూపించేది. నెట్ లేకపోయినా మాన్యువల్ మెషీన్‌లోనే ఉంటుంది. మూల ఫోల్డర్ పేరు చివర ఏటవాలు గీత (/) పెడితే లోపలి సరుకు మాత్రమే వెళ్తుందనీ, పెట్టకపోతే ఫోల్డరే వెళ్తుందనీ ఆ రోజే తెలిసింది. అప్పటిదాకా అదేమిటో తెలియకుండానే కొడుతున్నా! '-ఎన్' పెడితే ఏమీ కాపీ చేయకుండా ఏం చేయబోతోందో చెబుతుందని కూడా అందులోనే చదివాను.

మ్యాన్ పేజీని నవల్లా మొదటినుంచి చదవకు. ఏటవాలు గీత కొట్టి, కావలసిన మాట టైప్ చేసి ఎంటర్ నొక్కు. తర్వాతి చోటికి 'ఎన్', బయటికి రావడానికి 'క్యూ'. పైన సినాప్సిస్‌లో, అంటే కమాండు ఎలా రాయాలో చూపే చోట, చదరపు బ్రాకెట్లలో ఉన్నది పెట్టినా పెట్టకపోయినా ఫర్వాలేదని, మూడు చుక్కలంటే ఎన్నిసార్లయినా ఇవ్వొచ్చని అర్థం. కొన్నిటికి అట్టడుగున ఉదాహరణలుంటాయి, నేనైతే నేరుగా అక్కడికే పోతాను.

కమాండ్ పేరే తెలియకపోతే 'మ్యాన్ -కె' కొట్టి, పక్కన పనిని ఇంగ్లీషులో ఒక్క మాటలో చెప్పు: కంప్రెస్, పార్టిషన్, ఇలా. పేర్లలో, ఒక లైను వివరణల్లో వెతికి పెడుతుంది. ఉబుంటులో 'మ్యాన్ సీడీ' అంటే పేజీ లేదంటుంది, కంగారు పడకు. సీడీ (ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి వెళ్లేది) బ్యాష్ సొంత కమాండు; బ్యాష్ అంటే మనం కొట్టేవాటిని అందుకుని నడిపే ప్రోగ్రామ్. దానికి 'హెల్ప్ సీడీ'. ఏది ఏ రకమో 'టైప్' అనే కమాండు చెబుతుంది. ఇంకొకటి, పనులు వేళకు వాటంతటవే నడిచేలా రాసి పెట్టుకునేది క్రాన్‌ట్యాబ్. 'మ్యాన్ క్రాన్‌ట్యాబ్' కొట్టి ఆ ఫైల్లో టైము ఎలా రాయాలో కనబడలేదని తల పట్టుకోకు. అది 'మ్యాన్ 5 క్రాన్‌ట్యాబ్'లో ఉంటుంది, 5 అంటే ఫైళ్ల రూపం చెప్పే విభాగం.

నీకు ఇచ్చింది మ్యాక్, మీ సర్వరేమో ఉబుంటు అన్నావు. అందుకే మరీ మరీ చెబుతున్నా. ఫైల్లోని మాటల్ని అక్కడికక్కడే మార్చే 'సెడ్ -ఐ' ఉబుంటులో అలాగే నడుస్తుంది. మ్యాక్‌లో దాని తర్వాత బ్యాకప్ ఫైల్ పేరుకు తగిలించే తోక కూడా ఇవ్వాలి, అక్కర్లేకపోతే ఖాళీ కోట్స్ అయినా పెట్టాలి. నెట్‌లో ఎవరో రాసింది తప్పు కాకపోవచ్చు, నీ మెషీన్‌ది కాదంతే.

నెట్ వద్దనను. పొడుగు పేజీలు విసుగనిపిస్తే 'టీఎల్‌డీఆర్' అనే ప్రోగ్రామ్ పెట్టుకో, నాలుగైదు ఉదాహరణలతో సరిపెడుతుంది. ఎవరో ఇచ్చిన బారెడు కమాండు ఎక్స్‌ప్లెయిన్ షెల్ సైట్‌లో వేస్తే ముక్కముక్కకీ అర్థం చెబుతుంది. ఏఐని అడిగినా సరే, అది చెప్పిన ఆప్షన్ మ్యాన్ పేజీలో ఉందో లేదో చూశాకే ఎంటర్ నొక్కు. లేని ఆప్షన్లను కూడా అది మహా ధీమాగా చెబుతుంది. ఫైళ్లను చెరిపేసే 'ఆర్ఎం' ఉన్న లైనైతే రెండుసార్లు చూడు. నేనోసారి మధ్యలో ఒక్క ఖాళీ ఎక్కువ కొట్టి, ఫోల్డర్ మొత్తం పోగొట్టుకుని, రాత్రంతా బ్యాకప్ ముందు కూర్చున్నాను. మీ పెద్దమ్మకి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు, చెప్పకు.

ఆదివారం వచ్చేలోపు 'మ్యాన్ మ్యాన్' కొట్టి, విభాగాల పట్టిక ఒకసారి చూసి రా. ల్యాప్‌టాప్ ఛార్జర్ మర్చిపోకు.

మీ పెదనాన్న