ముందు బంగారుపాళెం బస్సెక్కండి

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. చిత్తూరులో టీచరుగా చేసి రిటైరయ్యాను, చర్చిలో సంఘ పెద్దను. అందరూ పొగుడుతుంటే లోపల గర్వం పెరుగుతోంది. బుధ, శుక్రవారాలు ఉపవాసమున్నా పోవడం లేదు. పెద్దరికం మానేసి వెనక బెంచీలో కూర్చుంటే దీనత్వం వస్తుందా? బంగారుపాళెంలో మామిడి రైతైన తమ్ముడితో మూడేళ్లుగా మాటల్లేవు. అమ్మ జ్ఞాపకార్థ కూడికలో, పాస్టరుగారి ముందే, మేమిద్దరం సగం సగం పెట్టుకున్న ఆసుపత్రి ఖర్చుల లెక్క తప్పన్నాడు. ఆ వారమే చూసుకుంటే వాడు చెప్పిందే సరి, 18 వేలు ఎక్కువ రాశాను. 2025 జూన్‌లో వాడు ఒక పెట్టె బేనీషా మామిడిపళ్లు తెచ్చాడు. నేను గదిలో ప్రార్థనలో ఉన్నాను, మా ఆవిడ తీసుకుంది.

జవాబు: బ్రదర్, బెంచీ సంగతి వదిలేయండి. వెనక కూర్చుంటే 'పెద్దాయన ఎంత తగ్గించుకున్నాడో' అనేవాళ్లు నలుగురు అక్కడా ఉంటారు. ఉపవాసమంటారా, లూకా సువార్త 18లో ప్రార్థనలో గొప్పలు చెప్పుకున్న పరిసయ్యుడు కూడా వారానికి రెండుసార్లే ఉండేవాడు.

మీ ఉత్తరంలో అసలు సంగతి ఒక్క ముక్క: 'వాడు చెప్పిందే సరి'. అది మీకు తెలిసి మూడేళ్లయింది, తమ్ముడితో మాత్రం చెప్పలేదు. తల్లి పోయిన ఇంట్లో డబ్బు లెక్కలడిగాడన్న పేరు ఇంకా ఆయన మీదే ఉంది. ఆ పేరు ఆయన మోస్తుంటే, మీరేమో గర్వం పోవాలని ప్రార్థన చేస్తున్నారు!

2025 జూన్ అంటే గుర్తుందిగా. ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకు 12 రూపాయలన్నా, తోతాపురి మామిడి ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరిన సీజన్. అంత టెన్షన్‌లోనూ అన్న ఇంటికని బేనీషా ఏరి తెచ్చాడు. తలుపవతల ఆయన గొంతు వినపడుతూనే ఉండుంటుంది. మీరు చేసింది ప్రార్థన కాదు, దాక్కోవడం.

పెద్దవాడు తగ్గితే చిన్నవాడు నెత్తికెక్కుతాడంటారు మన ఇళ్లలో. నేను ఒప్పుకోను. తప్పు తనదైనప్పుడు ముందు నోరు తెరవాల్సింది అన్నే. అర్పణ బలిపీఠం దగ్గరే విడిచి, ముందు సహోదరుడితో సమాధానపడమని మత్తయి 5లో ఉన్నది మీరే ఎన్నిసార్లో చదివి వినిపించి ఉంటారు.

ఆ లెక్కల నోటుబుక్కు, ఆయనకు రావలసిన 9 వేలు తీసుకుని బంగారుపాళెం వెళ్లండి. పాస్టరుగారిని వెంటబెట్టుకోవద్దు, మీ ఆవిడను పంపించొద్దు. కాఫీ రాకముందే, గుమ్మంలోనే చెప్పండి: "లెక్క తప్పింది నేనేరా." ఆ వెనకే 'కానీ నువ్వు అందరి ముందు...' అని తోక తగిలించొద్దు. ఆయన కేకలేస్తే వినండి, మూడేళ్ల కోపం అది. ఈసారి అమ్మ జ్ఞాపకార్థ కూడికలో, పాస్టరుగారి ముందే, అదే మాట ఇంకోసారి చెప్పాలి. ఆయన పరువు పోయింది అక్కడే కదా.

పెద్దరికం ఉంచుకోవాలా మానాలా అన్నది ఆ తర్వాత రాయండి, చూద్దాం.