18-200 లెన్స్: 200 దగ్గర మాత్రమే మసకగా వస్తోందా?

నికాన్ కెమెరాకి 18-200 ఎంఎం జూమ్ లెన్స్ పెట్టి పాపని తీస్తే 18 దగ్గర బాగా, 200 దగ్గర మసకగా వస్తోందని అడిగారు. షటర్ స్పీడ్ (షటర్ ఎంత త్వరగా తెరుచుకుని మూసుకుంటుందనేది) చాలట్లేదండీ. 18 దగ్గర బాగా వస్తోందన్నారు కాబట్టి లెన్స్‌ని ఇప్పుడే అనుమానించకండి. మీరు పెట్టిన పాప ఫోటో వివరాల్లో 200 ఎంఎం, ఎఫ్/5.6, 1/60 సెకను అని ఉంది. జూమ్ చేసేకొద్దీ అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/3.5 నుంచి ఎఫ్/5.6కి పోతుంది, వెలుతురు సుమారు రెండున్నర రెట్లు తగ్గుతుంది. చేతి వణుకేమో 18తో పోలిస్తే పదకొండు రెట్లు కనిపిస్తుంది.

మీ నికాన్‌లో ఇలా చేయండి:

1. మోడ్ డయల్ 'ఏ' మీద పెట్టండి (అపర్చర్ మీరు పెడితే స్పీడ్ కెమెరా చూసుకుంటుంది).

2. షూటింగ్ మెనూలో ఐఎస్ఓ సెన్సిటివిటీ సెట్టింగ్స్ తెరిచి ఆటో ఐఎస్ఓ ఆన్ చేయండి (ఐఎస్ఓ అంటే వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె). మాగ్జిమమ్ 3200.

3. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. దాని కిందే మినిమమ్ షటర్ స్పీడ్ ఉంటుంది, దాన్ని 1/320 చేయండి. చేత్తో తీసేటప్పుడు స్పీడ్ కనీసం ఎంఎం అంకెలో ఒకటో వంతు (200కి 1/200) ఉండాలంటారు; క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) మీద 200 అంటే 300 లెక్క, అందుకే ఆ అంకె. అక్కడ 1/60 ఉంటే, స్పీడ్ అంత దాకా దిగాకే కెమెరా ఐఎస్ఓ పెంచడం మొదలుపెడుతుంది.

పాప పరిగెడుతుంటే 1/500. వీఆర్ (లెన్స్‌లోని వణుకు తగ్గించే ఏర్పాటు) మీ చేతి వణుకుని సర్దుతుందేగానీ పాప కదలికని ఆపలేదు.

4. ఐఎస్ఓ 3200కి చేరినా వెలుతురు చాలకపోతే స్పీడ్ మళ్లీ 1/320 కిందకి జారుతుంది. అప్పుడు జూమ్ 50కి తగ్గించి మీరే దగ్గరికి వెళ్లండి, లేదా పాపని కిటికీ పక్కకి తీసుకురండి.

ఇంకా అనుమానముంటే ట్రైపాడ్, వీఆర్ ఆఫ్, ఎఫ్/8, 2 సెకన్ల టైమర్, లైవ్ వ్యూ (వెనక తెర మీద చూస్తూ) ఫోకస్‌తో గోడ మీది క్యాలెండర్ తీయండి. తిథుల చిన్నక్షరాలు అప్పుడూ అలుక్కుపోతేనే సర్వీస్ సెంటర్‌కి.