మందు పట్టలేదనుకునే ముందు

చి. మేనల్లుడికి, పర్లాకిమిడి నుంచి మామయ్య ఆశీస్సులు.

"అమ్మాయి డిప్రెషన్‌కి ఏ మందూ పట్టట్లేదు మామయ్యా, ఇక ఇంతేనేమో" అన్నావు నిన్న ఫోన్లో. ఆ మాట నేనూ అన్నవాణ్ణే. మీ అత్తయ్య ఇదే జబ్బుతో మంచం పట్టినప్పుడు పొద్దున్న ఇచ్చిన టీ మధ్యాహ్నానికి మీగడ కట్టి గ్లాసులో అలాగే ఉండేది. పలకరిస్తే "మీకు భారమైపోయాను" అనేది.

ముందు ఒక నోటుబుక్కు కొను. పాత మందుల చీటీలన్నీ ముందేసుకుని, ఏ మందు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తారీకు నుంచి ఏ తారీకు దాకా, ఎందుకు ఆపారు, అన్నీ రాయి. మేం అలా రాసుకున్నాకే అసలు సంగతి బయటపడింది. నాలుగు మందులు పనిచెయ్యలేదనుకున్నాం. వాటిలో రెండు పదిహేను రోజులు కూడా వాడలేదు. నోరు ఎండుతోందని, మగతగా ఉంటోందని డాక్టరుకు చెప్పకుండా నేనే మాన్పించేశాను. సరిపడా మోతాదులో నాలుగు నుంచి ఆరు వారాలు వాడితే గానీ ఆ మందుల గుణం తెలియదు. అలా కనీసం రెండు మందులు వాడినా ఫలితం లేకపోతేనే డాక్టర్లు దాన్ని మొండి డిప్రెషన్ అంటారు. అమ్మాయిది అంతదాకా వచ్చిందో లేదో నీ నోటుబుక్కే చెబుతుంది.

థైరాయిడ్, బి12, రక్తహీనత పరీక్షలు చేయించు. ఎప్పుడైనా కొన్నాళ్ళపాటు నిద్రపోకుండా విపరీతమైన హుషారుతో, ఆగకుండా మాట్లాడుతూ తిరిగిందా? ఉంటే దాచకు, అది బైపోలార్ (కొన్నాళ్ళు కుంగుబాటు, కొన్నాళ్ళు విపరీతమైన హుషారు వచ్చే జబ్బు) కావచ్చు. అప్పుడు వైద్యం దారే వేరు.

డాక్టరు దగ్గర అమ్మాయిని తెలుగులోనే మాట్లాడనివ్వు. ఒడియాలో బజారు చెయ్యగలదు గానీ, ఏడుపు తెలుగులోనే వస్తుంది. కౌన్సెలింగ్ కూడా తెలుగులో దొరికే చోటే చూడు. మందుతో పాటు అదీ కావాలి.

మందు మార్చడం, ఉన్న మందుకు లిథియం లాంటి ఇంకో మందు కలపడం (దానికి రక్తపరీక్షలు తప్పవు), పెద్ద ఊళ్ళలో అయితే టీఎంఎస్ (తల మీద అయస్కాంతం పెట్టి చేసే వైద్యం), కెటమైన్ (మత్తుమందును తక్కువ మోతాదులో ఇవ్వడం), ఇలా ఇంకా దారులున్నాయి. ఏది తనకు సరిపోతుందో డాక్టరును అడుగు.

కరెంటు షాకు వైద్యం (ఈసీటీ) అంటే నువ్వూ ఉలిక్కిపడతావని తెలుసు. విశాఖలో డాక్టరు ఆ మాట ఎత్తగానే నేను లేచి బయటికొచ్చేశాను. ఇప్పుడది మత్తు ఇచ్చి, కండరాలు బిగుసుకోకుండా మందిచ్చి చేస్తారు. అవి లేకుండా చెయ్యకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టమే ఉంది. వారానికి రెండు మూడుసార్లు, మొత్తం ఆరు నుంచి పన్నెండు దాకా. ఆరోసారి అయ్యాక మీ అత్తయ్య కిటికీ వైపు తిరిగి "వాన పడుతోందా?" అంది. ఆర్నెల్లలో తనంతట తాను అడిగిన మొదటి మాట అది. నాకు జవాబు చెప్పడానికి గొంతు రాలేదు. మతిమరపు మాత్రం వచ్చింది. ఆ నెలలో జరిగిన పెళ్ళి ఆమెకు ఇప్పటికీ గుర్తు లేదు. బాగయ్యాక కూడా మాత్రలు ఆపలేదు. ఆపితే తిరగబెడుతుందన్నారు.

మజ్జిగౌరమ్మ గుడికి తప్పకుండా తీసుకెళ్ళు. ఆ రోజు మాత్ర వేసే తీసుకెళ్ళు.

ఇంకొకటి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నెమ్మదిగా అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. పత్తికి తెచ్చిన పురుగుమందు డబ్బాలు ఈ రోజే ఇంట్లోంచి తీసేయ్. మాత్రలు నీ దగ్గరే పెట్టుకో. ఆమె అవునంటే ఒంటరిగా వదలకు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు. రాత్రివేళ ఏం చెయ్యాలో తోచకపోతే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్ అని, మానసిక బాధలకు ప్రభుత్వం నడిపే సహాయ నంబరు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

బరంపురం మెడికల్ కాలేజీలోనూ మానసిక విభాగం ఉంది గానీ, రాయగడ నుంచి నీకు విశాఖ రైలే సులువు. ఏ రోజు బయల్దేరేదీ చెప్పు, నేను పాతపట్నం మీదుగా బస్సులో వచ్చి విశాఖ స్టేషన్లో కలుస్తాను. నోటుబుక్కు మర్చిపోకు. అమ్మాయి పక్కన తను కూర్చుంటానని మీ అత్తయ్య కూడా వస్తోంది.

మామయ్య